చావాల్సిన నారు

ఆ ఉదయం అల్లుడి పథకం చిన్నదే. స్టేషనుకు వెళ్ళి ప్రొఫెసరుగారిని ఇంటికి తీసుకురావాలి, వెనక గదిలో చచ్చిన టమాటా నారు చూపించాలి, ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగించుకోవాలి. పీహెచ్‌డీ అయ్యాక చేసే పరిశోధన అటు చదువూ కాదు, ఇటు నిలకడైన కొలువూ కాదు. ప్రొఫెసరు తల ఊపితేనే జీతం.

నారు చావాలనే అతను అమైనో ఆమ్లాలు కలిపిన నీళ్లు పోస్తూ వచ్చాడు. సరుకు బయటి నుంచే వచ్చి పడుతుంటే మొక్కలో ఆ ఆమ్లాలను తయారుచేసే ఎంజైము ఇక చాల్లే అని పని మానేస్తుంది. దాని చలవ వల్ల తయారయ్యే మరో ఆమ్లం అందక మొక్క చస్తుంది. ఈ మాయకు లొంగని ఎంజైము ఉన్న మొక్క ఒక్కటి మిగిలినా అతని పంట పండినట్టే. సరిగ్గా ఒక్కటే మిగిలింది. ల్యాబులో ఏసీ చెడిపోబట్టి నారు పెంచే ట్రే ఇంట్లో ఉంది. ఇంట్లో అత్తగారు ఉన్నారు.

అల్లుడు గడప దాటగానే ఆవిడ ట్రే చూసి గుండెలు బాదుకున్నారు.

"ఒరేయ్, లే! మీ బావ మొక్కలన్నీ చచ్చాయిరా. ఆ పెద్దాయన చూస్తే ఉద్యోగం ఊడినట్టే!"

"ఒకటి బతికే ఉందిగా అమ్మా," అన్నాడు కొడుకు దుప్పట్లోంచి.

"ఒక్కదాన్ని చూసి జీతమిస్తారా? నర్సరీకి పరిగెత్తు!"

కొడుకు తెచ్చిన నారు జానెడు పొడుగుంది. "ఇలా అయితే పట్టేస్తారు," అని అత్తగారు కత్తెరతో కొసలన్నీ సమంగా కత్తిరించి నాటేశారు. చచ్చినవి చెత్తబుట్టలోకి పోయాయి. పచ్చగా ఉన్నదాన్ని పీకడానికి మాత్రం ఆవిడకు చేతులు రాలేదు.

కాసేపటికి అల్లుడు ప్రొఫెసరుతో వచ్చి గది తలుపు తీశాడు. ట్రే నిండా మొక్కలు కళకళలాడుతున్నాయి.

"అన్నీ బతికాయేమిటయ్యా? అంటే మూడేళ్లూ బూడిదలో పోసిన పన్నీరేనా?" అంటూ ప్రొఫెసరు సంచి భుజాన వేసుకున్నారు.

అల్లుడి ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. అది చూసి అత్తగారు ఆగలేకపోయారు.

"బతకడం తప్పైతే ఆ తప్పు నాది బాబూ! మా అల్లుడుగారు అన్నిటినీ శుభ్రంగా చంపే వెళ్ళారు. ఇవి నేను కొనిపించి నాటినవి. ఇదిగో, కత్తెర పడని ఈ ఒక్కటే వారిది."

ప్రొఫెసరు చెత్తబుట్ట ముందు గొంతుక్కూర్చుని, ఎండిన మొక్కలను ఒక్కొక్కటే తీసి చూశారు. తర్వాత ఆ పచ్చనిదాన్ని చాలాసేపు చూశారు.

"ఏడాదేమిటయ్యా, రెండేళ్లు చెయ్యి!"

అల్లుడికి ఏడుపు వచ్చినంత పనైంది. ఆ సాయంత్రమే వెనక గదికి తాళం కొన్నాడు. పోతుందేమోనని రెండో తాళంచెవి అత్తగారు తన దగ్గర పెట్టుకున్నారు.