పిశాచమైతేనేం, పెద్దమనిషి!

పెళ్లి కావాల్సిన అమ్మాయిలారా, చేసుకుంటే రక్తం తాగేవాణ్ణే చేసుకోండి!

నవ్వకండి. ఇరవై నాలుగేళ్ల కాపురం చేసిన అనుభవంతో చెబుతున్నాను. ఇక్కడ మా ఊరు సీబియూలో, మేం పనిచేసే కుట్టు ఫ్యాక్టరీలో, ఆరుగురు ఆడవాళ్లం ఒకే నవలని చేతులు మార్చుకుంటూ చదువుతాం. ఏ నవలైనా హీరో వ్యాంపైరే. వయసు మూడువందల ఏళ్లు. అయినా పొట్ట లేదు!

మీరే ఆలోచించండి. అతగాడు భోజనం చెయ్యడు. అంటే క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టుకుంటూ ఆదివారమంతా పొయ్యి దగ్గర నిలబడక్కర్లేదు. శవపేటికలో పడుకుంటాడు, కాబట్టి దుప్పట్లు ఉతికే బాధ లేదు. అద్దంలో కనబడడు. మా ఆయన పొంపిలియు నిక్షేపంగా కనబడతాడు, గంటసేపు మీసం కత్తిరించుకుని ఆ వెంట్రుకలు సింకులోనే వదిలేస్తాడు. మెడ కొరకడానికైనా సరే, వ్యాంపైర్ పెళ్లాం దగ్గరికొచ్చి కూర్చుంటాడా లేదా?

అయినా ఈ వ్యాంపైర్లంతా మావాళ్లేనండీ! మా అమ్మమ్మ కాలంలో ఈ కొండల్లో స్త్రిగోయ్‌లుండేవి. సమాధుల్లోంచి లేచి, మట్టి కొట్టుకుపోయి, కంపు కొడుతూ వచ్చి ఆవుల పాలు పిండుకుపోయేవి. వాటిని ఒక్కరూ ప్రేమించలేదు, పాపం. అవే విదేశాలకెళ్లి రచయిత్రుల చేతుల్లో పడి, పళ్లు తోముకుని, పియానో నేర్చుకుని తిరిగొచ్చాయి. బాగుపడి వచ్చినవాళ్లని గుమ్మంలోంచే పొమ్మంటామా?

మా అత్తగారు సవేత పొమ్మంటుంది. నవంబరు చివర అంద్రేయ పండగ ముందురోజు స్త్రిగోయ్‌లు తిరుగుతాయని తలుపులకీ కిటికీలకీ వెల్లుల్లి రుద్దడం మా ఇళ్లలో ఆనవాయితీ. ఈసారి ఆవిడ కిటికీలతో ఆగలేదు. నా నవలకి కూడా రుద్దేసింది. అట్టకే కాదు, పేజీ పేజీకీ!

"ఇదేం పనత్తయ్యా! ఇంకా ఐదుగురు చదవాలి!" అన్నాను.

"తలుపులన్నీ నేను కాపలా కాస్తుంటే, నువ్వే సంచిలో పెట్టి మోసుకొస్తివి! ఎప్పుడు చూడు వాడితోనే. నా కొడుకు మొహం చూసి ఎన్నాళ్లయిందే తల్లీ?"

"మొహం టీవీ వైపుంటుంది. వీపు మాత్రం రోజూ చూస్తున్నాను."

పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. ముక్కు మూసుకుని నూట పన్నెండో పేజీ తీశాను. హీరోయిన్ పనినుంచి వచ్చింది. వ్యాంపైర్ ఆమె కోటు అందుకుని, "పొద్దుటినుంచీ నిలబడే ఉన్నావు. కాళ్లు నొప్పెడుతున్నాయా?" అన్నాడు.

అంతే. నాకు ఏడుపు ఆగలేదు.

నిజం చెప్పేస్తున్నాను. కోటలూ, పియానో, తెల్లటి పళ్లూ నాకెందుకండీ? మూడువందల ఏళ్లుగా లోకమంతా తిరుగుతున్నవాడికి పెళ్లాన్ని ఓ మాట అడిగే తీరిక దొరికింది. మా ఇంట్లో "ఉప్పేదీ?" తప్ప నన్నెవరైనా ఏమైనా అడిగి ఎన్నేళ్లయిందో! ఇలాగే ఉంటే ఇంకో ఏడాదికి నేను మాటలే మర్చిపోయేలా ఉన్నాను.

సరిగ్గా అప్పుడే పొంపిలియు గ్లాసు కోసం వచ్చాడు.

"ఏమే, ఏడుస్తున్నావా?"

"వెల్లుల్లి ఘాటు."

ఆయన గ్లాసు పక్కన పెట్టేసి, వెళ్లి కిటికీ బార్లా తెరిచాడు. పక్కగదిలోంచి మా అత్తగారు కెవ్వున కేకేసింది.

"ఒరేయ్! ఇవాళ కిటికీ తెరుస్తావట్రా? స్త్రిగోయ్ వచ్చేస్తుందిరా!"

"వస్తే రానీవే అమ్మా. దీని కళ్లు మండుతున్నాయి."

వాళ్లమ్మ మాటకి ఆయన ఎదురుచెప్పడం నేనెన్నడూ వినలేదు. నేను పుస్తకం మూసేశాను.

"వెల్లుల్లి కాదు," అన్నాను. "కూర్చో, చెప్తాను."

కూర్చున్నాడు. మూడువందల ఏళ్ల ఆ పెద్దమనిషి మాత్రం ఆ సాయంత్రమంతా నూట పన్నెండో పేజీలో నాకోసం చూస్తూ ఉండిపోయాడు, పాపం.