ఉప్పులేని కూర మెచ్చుకున్న అల్లుడు

ఆ ఉదయం ఇషోలా తలస్నానం చేసి, తనే కుట్టుకున్న నీలం అంగరఖా తొడుక్కుని, పెండలం దుంపలు, శుభానికిచ్చే కోలా కాయలు, తేనె సీసా సర్దుకుని ఇబాదాన్ నుంచి ఒకెబి బస్సెక్కాడు. పని ఒకటే. తను మనసిచ్చిన మొరెనికె పెదనాన్న చీఫ్ ఫటోకి నోటివెంట "పిల్లనిస్తాం" అనే మాట రావాలి. తండ్రిలేని ఆ పిల్లకు ఆయన మాటే శాసనం. ఒకెబిలో పార్టీకి పెద్దదిక్కు కూడా ఆయనే. పార్టీ కుర్రాళ్ల నాయకుడొకడికి పిల్లను కట్టబెట్టాలని చూస్తున్నాడు. ఇవాళ కాదన్నాడంటే ఇక ఆ సంబంధం మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఒక్క సంగతి మాత్రం ఆ ఇంట పొక్కకూడదు. వానాకాలంలో ఇషోలా ఒక సినిమాలో వేషం వేశాడు. చొక్కా కుట్టించుకోవడానికి వచ్చిన దర్శకుడు అతన్ని ఎగాదిగా చూసి, "నీది చచ్చే మొహమయ్యా!" అని మెచ్చుకుని తీసుకుపోయాడు. అజిబాదె అనే నిజాయితీగల అభ్యర్థి వేషం. పార్టీ పెద్ద చచ్చినవాళ్ల పేర్లతో ఓట్లేయిస్తున్నాడని అజిబాదె బయటపెట్టబోతాడు. ఆ పెద్ద కల్లులో విషం కలిపి పోస్తాడు. చివర్లో చచ్చిన ఓటర్లంతా బారులు తీరి ఆ పెద్ద ఇంటికి వస్తారు.

సినిమా విడుదలయ్యాక ఇబాదాన్‌లో ఇషోలాను జనం వీధిలో నడవనివ్వలేదు. హాల్లో ఆడవాళ్లు "తాగకురా నాయనా, తాగకు!" అని తెరకు అడ్డంపడి ఏడ్చారు. సంతలో మిరపకాయలమ్మే ఆవిడ ఎదురుపడి, "అంతమంది మొత్తుకున్నా వినవేంరా!" అని చెప్పుతో ఒక్కటి వేసింది. ఇషోలా పొంగిపోయాడు. కానీ చీఫ్ ఫటోకి లెక్కలో వేషాలేసేవాడూ బిచ్చమెత్తేవాడూ ఒకటే.

ఇంకో సంగతి ఇషోలా మరిచేపోయాడు. సినిమా కోసం అతని ఫొటోతో సంతాప పోస్టర్లు అచ్చేసి బస్టాండు గోడలకు అంటించారు. "గౌరవనీయ అజిబాదె. అకాల మరణం." షూటింగు అయ్యాక సినిమావాళ్లు సామాను సర్దుకుపోయారు గానీ, గోడలు గీకే ఓపిక ఎవరికుంటుంది?

ఒకెబిలో దిగేసరికి ఎండుగాలి వీస్తోంది. ఎడారి దుమ్ము ఊరిని కమ్మేసింది, సూర్యుడు పాలిపోయిన అణాకాసులా ఉన్నాడు. నేతగాళ్ల వీధిలో మగ్గాల చప్పుడు మామూలుగానే వినబడుతోంది. అతను మొదటి మగ్గం దాటగానే అది ఆగిపోయింది. తరువాతిదీ ఆగింది. ఆ తరువాతిదీ. వీధి చివరకు వచ్చేసరికి అతని చెప్పుల చప్పుడు తప్ప మరేమీ లేదు. వెనక్కి తిరిగి చూస్తే అందరూ దారాల వైపు తలలు వంచుకున్నారు. ఇషోలా అడుగుల వేగం పెంచాడు. 'సినిమా సంగతి పొక్కింది. నా కొంప మునిగింది' అనుకున్నాడు.

పొక్కింది సినిమా కాదు. ఒకెబిలో ఎవరినడిగినా చెబుతారు, ఆయువు తీరకుండా పోయినవాడు ఊరికే పోడని. ఎరిగినవాళ్లు లేని ఊరు చూసుకుని, పేరు మార్చుకుని, కొట్టు పెట్టుకుని, పెళ్లి కూడా చేసుకుంటాడు. అకుదాయ అంటారు వాణ్ణి. పాపం, తాను పోయానని వాడికే తెలియదు. "నువ్వు పోయావు కదయ్యా" అని మొహాన అంటే ఉన్నపళాన మాయమవుతాడు. అన్నవాడికీ మంచిది కాదు. అందుకని ఎవరూ అనరు. మర్యాదగా మాట్లాడి, పొద్దుండగానే సాగనంపుతారు. చీఫ్ ఫటోకి ఆ వారమే ఇబాదాన్ బస్టాండులో దిగి, ఒంటికి పోసుకుందామని గోడవైపు తిరిగాడు. ఎదురుగా, పిల్లనడుగుతూ ఫొటో పంపిన ఇషోలా మొహంతో సంతాప పోస్టరు. వచ్చిన పని పూర్తికాకుండానే దాన్ని చింపుకుని తిరుగు బస్సెక్కి, దిగగానే నేతగాళ్ల వీధంతా చూపించాడు.

ముంగిట్లో చీఫ్, ఆయన తల్లి ముసలవ్వ, మొరెనికె తల్లి కూర్చుని ఉన్నారు. ఇషోలా ఆచారం ప్రకారం మట్టిలో సాష్టాంగపడ్డాడు. లెమ్మని ఎవరూ అనలేదు. ముక్కు నేలకానించిన ఇషోలాకు చీఫ్ చెప్పులు మాత్రం కనబడుతున్నాయి. అవి మెల్లగా వెనక్కి జరిగాయి.

"లే నాయనా," అంది అవ్వ చివరకు. "లేవగలిగితే."

లేచి నిలబడ్డాడు. చీఫ్ అతని కాళ్ల దగ్గర నేలను రెప్ప వేయకుండా చూస్తున్నాడు. ఆ దుమ్ములో ఆ రోజు ఎవరికీ నీడ లేదు. చీఫ్‌కు మాత్రం ఇషోలాకు నీడ లేకపోవడం ఒక్కటే కనబడింది.

అవ్వ స్వయంగా అన్నం పెట్టింది. వేడివేడి పెండలం ముద్ద, మేకమాంసం కూర. ఇషోలా నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పు లేదు. రవ్వంత కూడా లేదు. ముగ్గురూ ఊపిరి బిగబట్టి అతని నోటివంకే చూస్తున్నారు. కాబోయే అత్తవారింట వంకలు పెడతామా?

"అమృతంలా ఉందవ్వా! ఇంకొంచెం వెయ్యండి."

"విన్నావుగా?" అంది అవ్వ కొడుకు చెవిలో. "ఆ లోకంవాళ్లకు ఉప్పు సయించదు."

చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "నాయనా... ఇబాదాన్‌లో నీకు... ఆ జరిగినదాని గురించి మాకు కొంచెం తెలిసింది."

ఇషోలా చేతిలో ముద్ద జారిపోయింది. ఇక దాచి లాభం లేదు. "తెలిసిపోయిందా పెద్దయ్యా! నేనే చెబుదామనుకున్నాను. సంబంధం చెడిపోతుందని భయపడ్డాను."

"అంటే... నీకూ తెలుసా?"

"నాకు తెలియకపోవడమేంటండీ! జరిగింది నాకే కదా?"

తెలిసి తెలిసి తిరుగుతున్న అకుదాయ గురించి చీఫ్ ఎన్నడూ వినలేదు. కుర్చీ ఇంకో జానెడు వెనక్కి జరిగింది.

"బాధపడ్డావా బాబూ?" అంది అవ్వ.

"అబ్బే! ఒక్క గుటక, అంతే. గిలగిల కొట్టుకుని పడిపోయాను. పెట్టెలో పెట్టాకే కాస్త ఉక్కపోసింది. మూతేసి భోజనాలకు పోయారవ్వా, వెధవలు!"

"ఆ కల్లు పోసిందెవడు?"

"పార్టీ పెద్దాయన. ఇలాగే మంచి టోపీ, చేతికర్ర..." అని చీఫ్ వైపు వినయంగా చెయ్యి చూపించాడు. "చచ్చినవాళ్ల చేత ఓట్లేయిస్తున్నాడని అందరికీ చెప్పేస్తానన్నాననీ."

చీఫ్ మొహంలో నెత్తురుచుక్క లేదు. ఒకెబి ఓటర్లలో ఆయన తాతగారు ఇప్పటికీ ఉన్నారు. ఏ ఎన్నికకూ ఓటేయడం మానలేదు.

"ఆ... ఓట్లేసిన వాళ్లు... నీకు ఎదురుపడ్డారా?"

"ఎదురుపడటమేంటండీ, అంతా ఒకే కుండలో తిన్నాం! బారులు తీరి ఆ పెద్దాయన ఇంటిమీదికి నడిచాం కూడా. బంగారంలాంటి మనుషులు. నా పెళ్లంటే చాలు, పరిగెత్తుకొస్తారు. మీరు ఊఁ అనండి, అందర్నీ బండెక్కించి మీ ఇంటికే తీసుకొస్తాను!"

"వద్దు!" చీఫ్ లేచి నిలబడ్డాడు. "పిల్లనిచ్చాం! ఇచ్చేశాం! పెళ్లి ఇబాదాన్‌లోనే చేసుకో. వాళ్లను మాత్రం అక్కడే ఉండమను. మా తాతగారు కనబడితే... నా తప్పేం లేదని చెప్పు!" అని టోపీ కుర్చీలోనే వదిలేసి, దుమ్ములో పడి మాయమయ్యాడు.

లోపలినుంచి మొరెనికె వచ్చింది.

"వేషాలంటే మీ పెదనాన్నకు ఇంత గౌరవమా?" అన్నాడు ఇషోలా.

మొరెనికె మడతపెట్టిన కాగితం అతని చేతిలో పెట్టింది. ఇషోలా విప్పాడు. తన మొహమే. కింద "అకాల మరణం." మగ్గాలు ఎందుకు ఆగాయో, చెప్పులు ఎందుకు వెనక్కి జరిగాయో అప్పటికి అర్థమైంది. ఒళ్లు చల్లబడింది. ఎందుకైనా మంచిదని మణికట్టు పట్టుకుని చూసుకున్నాడు. నాడి కొట్టుకుంటోంది.

"అయ్యో! నేను బతికే ఉన్నానని వెళ్లి చెప్పేస్తాను!"

మొరెనికె అంగరఖా పట్టి లాగింది. "కూర్చో! బతికున్న దర్జీకి ఆయన పిల్లనిచ్చేవాడనుకున్నావా?"

"మరి మీకు... తెలుసా?"

"ఇబాదాన్‌కు బట్టలు అమ్మబోయినప్పుడు మేం ముగ్గురం నీ సినిమా చూశాంలే నాయనా," అంది అవ్వ. "నువ్వు తాగబోతుంటే తెరమీదికి చెంబు విసిరింది నేనే. మావాడు ఈ పోస్టరు పట్టుకుని వణుకుతూ వస్తే, వచ్చిన అదృష్టాన్ని కాలదన్నుకుంటామా? నోరు మూసుకున్నాం."

మొరెనికె తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"ఇంతకీ ఆ ఉప్పు సంగతేంటవ్వా?"

"అది మావాడి కోసం. ఒక్క ముద్ద తిని మొహం చిట్లిస్తావేమోనని హడలిపోయాను. నువ్వేమో అమృతమని మళ్లీ వడ్డించమన్నావు." అవ్వ నవ్వు ఆపి అతన్ని పైనుంచి కిందికి చూసింది. "నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నాకే అనుమానమొచ్చింది."

పెళ్లయ్యాక ఇషోలా కొట్టు ఒకెబికే మార్చాడు. వేషం సంగతి చీఫ్‌కు ఎవరూ చెప్పలేదు. ఎన్నికల ముందు ఆయన తనే పట్టుబట్టి ఓటర్ల జాబితాలో పోయినవాళ్ల పేర్లన్నీ కొట్టేయించాడు. పార్టీ చిత్తుగా ఓడింది. పోలింగు రోజున ఇషోలా ఓటేయడానికి బయల్దేరితే వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. చీఫ్ లెక్క ప్రకారం, ఒకెబిలో ఆ ఏడు ఓటేసిన చచ్చినవాడు ఒక్కడే, వాడూ వరుసలో నిలబడి వేశాడు.