అంకణాల ఫైలు

హెడ్ టీచరు ఎవరో తేలే రోజని, దయాసాగర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆత్మకూరు కంప్యూటర్ సెంటరుకు ఎనిమిదింటికే చేరాడు. గుమ్మం దగ్గర అప్పటికే జెస్సికా చెప్పులున్నాయి. నాలుగేళ్లుగా పాఠాలు చెబుతున్న తనను వదిలేసి, మొన్న జూన్‌లో ఉదయగిరి నుంచి వచ్చిన ఈమెనే పిల్లలు డౌట్లు అడుగుతున్నారు.

పోటీ చిన్నదే. ఓనరు గోపాలయ్య స్థలం ఎన్ని సెంట్లో కొడితే, ముప్పై ఆరు చదరపుటడుగుల అంకణాలు ఎన్నో కంప్యూటరు చెప్పాలి. లెక్కల ఫైలు ఒకటే, ఇద్దరూ దాన్నే పిలిచి వాడుకోవాలి. జెస్సికా ఆ ఫైలును ఇంపోర్ట్ చేసి, ఒకసారి సరిచూసుకుని, మెషీను అలాగే ఉంచి టీకి వెళ్లింది.

దయాసాగర్ గబగబా ఫైలు తెరిచి, సెంటుకు 12.1 అంకణాలన్న చోట 1.2 చేసి సేవ్ చేశాడు. తన వంతుకు ముందు సరిదిద్దుకోవచ్చనుకున్నాడు.

గోపాలయ్య వచ్చాడు. జెస్సికా ఐదు సెంట్లు కొట్టింది. 60.5 అంకణాలని వచ్చింది.

"శభాషమ్మా! మా బావ వస్తా ఉండాడు, ఆయనకీ చూపియ్యి."

అందరూ బావకు ఎదురెళ్లగానే దయాసాగర్ ఈసారి సున్నా పెట్టాడు. అక్కసు తీరక, 'ఈ లెక్క చేసినోళ్లకు ఎక్కాలు కూడా రావు' అని తెర మీద పడేలా ఒక లైను కూడా చేర్చాడు. బావ ముందూ 60.5 అంకణాలే వచ్చాయి. డిస్కు చెడిపోయి తన మార్పులేవీ ఎక్కడం లేదని నిర్ధారించుకున్నాడు. ఇక సరిదిద్దే పనేముంది?

"మీ వంతు సార్, నా ప్రోగ్రాం మూసేసి కొత్తగా తెరిచినాను," అంది జెస్సికా మర్యాదగా.

దయాసాగర్ దర్జాగా ఐదు సెంట్లు కొట్టాడు. గోపాలయ్య కళ్లజోడు సర్దుకుని పైకే చదివాడు.

"సున్నా అంకణాలు. ఈ లెక్క చేసినోళ్లకు ఎక్కాలు కూడా రావు... ఏంది దయాసాగరూ, నా స్థలం ఏమైపోయినాది?"

"ఇందాక ఆమెకు సరిగ్గానే వచ్చినాది కద సార్!"

"నేను పొద్దున్నే ఇంపోర్ట్ చేసుకున్నాను సార్," అంది జెస్సికా దయాసాగర్‌తో. "ఆ తర్వాత ఎవరన్నా ఫైలు మార్చినా, రీలోడ్ చేసేదాకా పాతదే నడస్తాది. నేను చేరిన వారమే మీరే నేర్పించినారు గదా."

గోపాలయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూసి, హెడ్ టీచరు తాళాలు జెస్సికా చేతిలో పెట్టాడు.

సోమవారం జెస్సికా చెప్పిన రీలోడ్ పాఠానికి దయాసాగర్ మొదటి బెంచీలో కూర్చున్నాడు.