రాయికి సివిల్ ఐడి లేదు

కువైట్ రోడ్ల మీద ఎగిరే గులకరాళ్లను తిట్టేవాళ్లంటే నాకు జాలి! తారులోంచి ఊడొచ్చి, ముందు లారీ టైరు కిందపడి, ఎగిరొచ్చి మన కారు అద్దానికి తగిలే ఆ చిన్న రాయి అచ్చంగా దేవుడిచ్చిన వరం.

నవ్వకండి. దజీజ్‌లో పదహారేళ్లుగా గోడౌన్ స్టోర్ కీపర్‌ని. ఏ సరుకు విలువ ఎంతో నాకు తెలుసు.

అల్ రాయ్‌లో సోఫా షాపుల వెనక ఒక మలుపుంది. అక్కడికొచ్చేసరికి ఎంతటి నాస్తికుడైనా దేవుణ్ణి తలుచుకుంటాడు. ముందు బండికి వంద గజాల దూరం పాటిస్తాడు. ఏ ట్రాఫిక్ క్లాసు నేర్పగలదండీ ఈ క్రమశిక్షణ? ఇక పగిలిన అద్దం మీద పరుచుకునే ముగ్గు చూశారా? మా గోదావరి జిల్లాల ఆడపడుచులు కూడా అంత సన్నటి గీత గీయలేరు.

ఇంత మంచి రాయిని గౌరవించని వాళ్లు ఇన్సూరెన్స్ వాళ్లొక్కరే.

రాయచోటి గంగాధర ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటావిడను ఇక్కడి పద్ధతిలో మామా, అంటే అమ్మా, అంటాడు. ఆవిడకు అల్ రాయ్‌లో సోఫాల షాపు ఉంది కాబట్టి అతనికి రోజూ ఆ మలుపు తప్పదు. ఆర్నెల్లలో రెండు అద్దాలు పోయాయి. కాగితాలు చదివిపెట్టే పెద్దమనిషినని నన్ను ఇన్సూరెన్స్ ఆఫీసుకు తోడు తీసుకెళ్లాడు.

"ఇంగొక అద్దం పోతే ఖలాస్ అనింది మామా. ఊరికి టికెట్ తీసి చేతిలో పెడ్తాదంట," అన్నాడు దారిలో. ఆవిడ లెక్కలో తప్పంతా అతని డ్రైవింగుదే. రాయి ఎగరడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు. వెనక సీట్లో ఫోన్ చూసుకుంటూ కూర్చుంటుంది.

కౌంటర్‌లో మనవాడే, మహమ్మద్ గౌస్. ఫారం తీసి, "ఇది థర్డ్ పార్టీ పాలసీ అన్నా. అవతలి పార్టీ ఎవరు?" అన్నాడు.

"రాయి," అన్నాను.

"రాయి సివిల్ ఐడి కార్డు నంబరు?"

"రాయికి ఐడి ఏమిటయ్యా!"

"అయితే అది ఏ బండి కింద నుంచి లేచిందో ఆ నంబరు చెప్పండి."

"ముందర నలభై బండ్లు ఉండాయి భాయ్," అన్నాడు గంగాధర.

"నలభై నంబర్లూ తీసుకురండి. నేను రాసుకుంటా, నాదేం పోయింది?"

డబ్బు రాదని రాసిన కాగితం మీద పై అధికారి సంతకం కోసం ఇంకో రెండు గంటలు కూర్చోబెట్టారు. పోయిందనుకున్నారా ఆ సమయం? అంతా విజ్ఞానమే! ఫోన్‌లో పాత అమెరికా చట్టాల గురించి చదివాను. రెండు వందల ఏళ్ల కిందట అక్కడి రాష్ట్రాల చట్టసభలు భలే పని చేశాయి. ఊరి రోడ్డును ఆ ఊరి మగవాళ్లే ఏడాదికి కొన్ని రోజులు పారలు పట్టుకొచ్చి బాగుచేసుకోవాలి. రాకపోతే జరిమానా! పైన అజమాయిషీకి ఒక పెద్ద. అదే సభల్లో, అవే చేతులెత్తి, ఇన్సూరెన్స్ కంపెనీలకు ఒక్కొక్కదానికి విడిగా చట్టం చేసి అనుమతులిచ్చేవారట.

ఏం ముందుచూపండీ! పారేమో జనానికి, పాలసీ ఏమో కంపెనీకి. ఇదంతా గంగాధరకు గొంతెత్తి వివరించాను. పౌరుడంటే అలా ఉండాలి, రోడ్డు మనదనుకోవాలి అని ఉపన్యాసం కూడా ఇచ్చాను. అతను బుద్ధిగా విన్నాడు. అదే కొంప ముంచింది.

శుక్రవారం పొద్దున్నే ఫోన్. "అన్నా, నువ్వు జెప్పిన పని పెట్టుకున్న్యా. చూద్దువుగాని రా."

వెళ్లి చూస్తే మలుపు దగ్గర గంగాధర పొడుగు చీపురుతో రోడ్డు ఊడుస్తున్నాడు! అప్పటికే సగం తళతళలాడుతోంది. పక్కన రాళ్ల కుప్ప. నేను కారు దిగేలోపు పోలీసు బండి వచ్చి ఆగింది.

పోలీసు మర్యాదగానే అడిగాడు. ఇఖామాలో, అంటే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్‌లో, ఇంటి డ్రైవర్ అని ఉంది, చేస్తున్నది రోడ్డు పని. ఎవరి దగ్గర చేస్తున్నావు? ఎవరి దగ్గరా కాదన్నాడు గంగాధర. మరి ఎవరు చేయమన్నారు? గంగాధర తల తిప్పి నా కారు వైపు చూశాడు.

నేను కిటికీ అద్దం పైకెత్తేశాను.

అవును, ఎత్తేశాను. కాగితంలో లేని పని చేస్తే ఊరికి పంపేస్తారని నాకు తెలుసు. ఉద్యోగం నిలబెట్టుకోవడానికి ఊడ్చినవాడికి, ఊడ్చినందుకే ఉద్యోగం పోయేలా ఉంది. అయినా నేను కారు దిగలేదు. సిగ్గేస్తోంది చెప్పడానికి.

మధ్యాహ్నానికి మామా స్టేషన్‌కు వెళ్లి అతన్ని విడిపించడానికి సంతకం పెట్టింది. గంగాధర కూడా పెట్టాడు. ఇకమీదట కువైట్‌లో ఏ రోడ్డూ ఊడ్వనని హామీ! చీపురును మాత్రం సాక్ష్యంగా ఉంచుకున్నారు. రంగు, పొడవు రాసి, నంబరు కూడా వేశారట.

ఆ కోపంలో మామా ఫోన్ పక్కన పడేసి, అతన్ని తిట్టడానికి వీలుగా ముందు సీట్లో కూర్చుంది. దారిలో అదే మలుపు. పొద్దున పోగేసిన కుప్ప మీదుగా ఏదో లారీ వెళ్లిపోయినట్టుంది, రాళ్లన్నీ మళ్లీ రోడ్డెక్కాయి. ముందు బండి టైరు కింద నుంచి ఒకటి లేచింది. టక్!

మూడో అద్దం.

"నా పని అయిపాయ అనుకున్న్యా అన్నా," అని సాయంత్రం ఫోన్‌లో చెప్పాడు గంగాధర. మామా అద్దం వైపు చూసిందట. వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూసిందట. టికెట్ మాట ఎత్తలేదు. ఇలా అడిగిందట: "నీ చీపురేదీ?"

"స్టేషన్లో ఉంది మామా. దానికైతే నంబరు రాసుకున్న్యారు. రాయికే ఎవురూ రాసుకోల్యా."

కాబట్టి పాఠకులారా, ఆ రాయి ఇంకా అక్కడే ఉంది, ఎవరి పేరు మీదా లేదు. నేను ఈ నాలుగు ముక్కలు రాసి నా వంతు రోడ్డు పని ముగించాను. పాత అమెరికాలో అయితే ముందు నాకే జరిమానా పడేది.