కార్నెల్‌కి మామ్మ దొరికిన రోజు

ఆ మంగళవారం పొద్దున కార్నెల్ బ్రైసన్ పెట్టుకున్న పని చాలా చిన్నది. జట్టుకు ప్రాక్టీసు లేదు. అతను అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు ఎవాంథియా మామ్మకు నడుము పట్టేసింది. అందుకని ఆవిడ తోటలోని ఆలివ్ బస్తాలను అతనే ట్రక్కులో వేసుకుని గానుగకు చేర్చాలి, నూనె డబ్బాలు తెచ్చి వంటింట్లో పెట్టాలి, ఆ తర్వాత మంచమెక్కి సాయంత్రం దాకా ఒళ్ళు మరిచి నిద్రపోవాలి. అంతే.

కార్నెల్‌కి ముప్పై నాలుగేళ్ళు. మెంఫిస్‌లో పుట్టాడు. చదువయ్యాక ఇంటి దగ్గర పెద్ద బాస్కెట్‌బాల్ లీగులో ఎవరూ పిలవకపోతే, బూట్లు సంచిలో వేసుకుని యూరప్ వచ్చేశాడు. పోలండ్‌లో ఆడాడు, బెల్జియంలో ఆడాడు, ఇటలీలో మోకాలు విరగ్గొట్టుకుని మళ్ళీ బాగుచేయించుకున్నాడు. సైప్రస్‌లో సగం సీజన్ ఆడాడు, మిగతా సగం మొదలవకముందే ఆ క్లబ్బు మూతపడింది. ఎక్కడికి వెళ్ళినా మొదట కోచ్ తిట్లు అర్థమయ్యేవి, తర్వాత హోటల్లో భోజనం పేర్లు, ఆ తర్వాత సామాను సర్దుకునే రోజు వచ్చేసేది. గ్రీసులోని ఈ లిమనాకి ఊళ్ళో మాత్రం ఇది మూడో ఏడు. ఇంతకాలం అతన్ని ఏ ఊరూ ఉంచుకోలేదు.

గ్రీకు భాష అతనికి నేర్పింది ఎవాంథియా మామ్మే. ఆవిడ వంటింటి పైన గది అతనిది. అందుచేత వచ్చిన భాషంతా డెబ్బై ఎనిమిదేళ్ళ ముసలమ్మ భాష. ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి ఆట మధ్యలో రిఫరీ దగ్గరికెళ్ళి, "నీ కడుపు చల్లగుండ, అది ఫౌలు కాదు నాయనా" అంటుంటే స్టేడియం మొత్తం పడీపడీ నవ్వేది. ఆవిడ అతన్ని కోర్నీలియో అని పిలిచేది. ఆ పేరుతో వాళ్ళ చర్చిలో ఒక మహాత్ముడు కూడా ఉన్నాడు. అతను ఆవిడను మామ్మా అనేవాడు. ఆ ఊళ్ళో అమ్మమ్మనైనా, నాయనమ్మనైనా, ఏ ముసలమ్మనైనా అలాగే పిలుస్తారు.

గానుగ దగ్గర లూకాస్ అనే అతను బస్తాలు దింపించుకుంటూ, "ఎవరివి ఇవి?" అని అడిగాడు.

"మా మామ్మవి," అన్నాడు కార్నెల్.

"మామ్మంటే ఏ మామ్మ?"

"ఎవాంథియా. నా సొంత మామ్మ. ఈ ముక్కు చూస్తే పోలిక తెలియడం లేదూ?"

లూకాస్ నవ్వాడు. టీ నీళ్ళలాంటి రంగు ఎవాంథియా మామ్మది, రాత్రిలాంటి రంగు కార్నెల్‌ది, ఇద్దరి ముక్కులకూ ఎక్కడా సంబంధం లేదు. ఈ జోకు బాగుందని లూకాస్ కాఫీ కొట్లో చెప్పాడు. అక్కడ మొదటి బల్ల దగ్గర నవ్వారు. రెండో బల్లకు చేరేసరికి నవ్వు సగం రాలిపోయింది. మూడో బల్ల దగ్గర కూర్చున్న క్లబ్బు ప్రెసిడెంటు థనాసిస్ చెవిన పడేసరికి అది జోకు కాదు, వార్త.

థనాసిస్ సిమెంటు వ్యాపారి. ఆయన జట్టు వరసగా ఓడుతోంది. బుట్ట కింద నిలబడే పొడుగాటి సెంటర్ ఆటగాడొకడు కావాలి, కానీ వాళ్ళ లీగులో జట్టుకు ఒక్క విదేశీయుడే ఉండాలి. ఆ ఒక్కడు కార్నెల్. కార్నెల్ మామ్మ గ్రీకావిడైతే కార్నెల్ కూడా గ్రీకువాడే, విదేశీయుడి చోటు ఖాళీ. థనాసిస్ కాఫీ సగంలో వదిలేసి ఫోను తీశాడు.

గానుగలో యంత్రం రొద పెడుతోంది. కార్నెల్ ఒక చెవి మూసుకుని మాట్లాడాడు.

"కోర్నీలియో, ఎవాంథియా నీకు మామ్మ అవుతుందటగా, నిజమేనా?"

"నిజం కాకపోతే పొద్దున్నే ఎవరి బస్తాలు మోస్తున్నాననుకున్నారు?"

"అమ్మ తరఫా, నాన్న తరఫా?"

ప్రెసిడెంటు ఈరోజు సరదాగా ఉన్నాడనుకున్నాడు కార్నెల్. "అమ్మ తరఫే. ఆ తిట్లు అచ్చం మా అమ్మవే."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదా ప్రెసిడెంటు గారూ."

థనాసిస్ వెంటనే ఏథెన్స్‌లో ఒక ఏజెంటుకు ఫోను చేశాడు. ఆ ఏజెంటు చేతిలో క్లబ్బు దొరక్క ఖాళీగా ఉన్న అమెరికా కుర్రాడొకడున్నాడు. టాడ్ హెన్నింగ్, ఏడడుగులకు ఒక అంగుళం తక్కువ. "ఎత్తు చాలు, తక్కినవి తర్వాత చూసుకుందాం," అన్నాడు థనాసిస్. ఏజెంటు అతన్ని మొదటి బస్సెక్కించాడు. మధ్యాహ్నం బస్టాండులో సిమెంటు లారీ బానెట్ మీద కాగితం పెట్టి టాడ్ చేత సంతకం పెట్టించేశారు.

ఈలోగా కాఫీ కొట్టు తన పని తాను చేసుకుపోతోంది. అమ్మ తరఫు మామ్మంటే, ఎవాంథియాకు కూతురు ఉండాలి. ఆవిడకూ, పోయిన ఆవిడ భర్త ఓడ కెప్టెనుకూ పిల్లల్లేరు. మరి కూతురు పెళ్ళికి ముందు పుట్టి ఉండాలి. పెళ్ళికి ముందు ఆవిడ కుట్టు నేర్చుకోవడానికని ఒక ఏడాది, దేశదేశాల ఓడలు ఆగే పిరేయస్ రేవులో ఉండి వచ్చింది.

"కుట్టు నేర్చుకోవడానికి ఏడాది ఎందుకూ?" అన్నాడొకాయన.

"పోనీ నేర్చుకుందా? కెప్టెన్ చొక్కాలన్నీ దర్జీయే కుట్టేవాడు," అన్నాడింకొకాయన.

ఆ మాటతో విషయం రుజువైపోయింది.

ఎవాంథియా మామ్మకు ఈ సంగతి తెచ్చిన మొదటివాడు ఆవిడ మేనల్లుడు పెరిక్లిస్. మందుల షాపు యజమాని. ఆవిడ ఇల్లూ, ఆలివ్ తోటా ఎప్పటికైనా తనవేనని అతనికి గట్టి నమ్మకం. ఈస్టర్ తర్వాత ఆ గడప తొక్కనివాడు, ఇప్పుడు పెద్ద మిఠాయి డబ్బాతో వచ్చి నిలబడ్డాడు.

"అత్తా, నీకు కూతురుందని నాకెందుకు చెప్పలేదు?"

ఆవిడ నడుముకు వేడినీళ్ళ సంచి కట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. మేనల్లుడి మొహం చూసింది, డబ్బా చూసింది. లోపల ఎంత ఆశ్చర్యపోయిందో గానీ బయటికి మాత్రం, "నువ్వు అడిగావా?" అంది.

"అయితే ఆ నల్లబ్బాయి నీ మనవడా?"

"పేరు పెట్టి పిలువు. కోర్నీలియో. వాడు నాకు రోజూ మందులు గుర్తు చేస్తాడు. మందుల షాపు వాళ్ళెవరూ చెయ్యరు."

పెరిక్లిస్ కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు. అప్పుడే ఫాదర్ యెరాసిమోస్ లోపలికొచ్చాడు. పాత పాపం గురించి సున్నితంగా మాట్లాడాలని దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చిన ఆయనకు, మిఠాయి డబ్బా కనపడగానే మాటలన్నీ చెదిరిపోయాయి. "మనవడికి బాప్తిస్మం అయిందా లేదా, ముందు అది చెప్పమ్మా," అని మాత్రం అనగలిగాడు. వెనకాలే థనాసిస్, ఆయన వెనకాల తల వంచుకుంటే తప్ప గుమ్మం పట్టని టాడ్.

కార్నెల్ రెండు చేతులా నూనె డబ్బాలతో వంటింట్లో అడుగుపెట్టేసరికి అక్కడ అతను నిలబడడానికి చోటు లేదు. థనాసిస్ డబ్బాలతో సహా అతన్ని వాటేసుకున్నాడు.

"ఈరోజు నుంచి నువ్వు మావాడివి. కాగితాలు నేను చూసుకుంటా. ఇదిగో, నీ పక్కన ఆడబోయే సెంటర్. సంతకం కూడా అయిపోయింది."

కార్నెల్ డబ్బాలు కింద పెట్టాడు. పొద్దున ఫోనులో తాను అన్న ఒక్కొక్క మాటా అతనికి ఇప్పుడు అర్థమవుతోంది. నిజం చెబితే జట్టులో ఇద్దరు విదేశీయులవుతారు. ఒకడు పోవాలి. ఒకడికి ఇరవై మూడేళ్ళు, రెండు మంచి మోకాళ్ళు, తడి ఆరని సంతకం. సీజన్ మధ్యలో ముప్పై నాలుగేళ్ళవాణ్ణి పిలిచే క్లబ్బు ఈ యూరప్‌లో ఎక్కడుంది? ఉన్నా, అక్కడ వంటింటి పైన గది ఉంటుందా?

అతను మామ్మ వైపు చూశాడు. ఆవిడకు సంగతంతా ఎప్పుడో అర్థమైపోయింది. కన్ను గీటింది.

"నా మనవడే. ఫాదర్ ముందు కూడా అదే చెబుతా," అంది.

"మామ్మా, కాఫీ కొట్లో నీ గురించి ఏమేమో అంటున్నారు," అన్నాడు కార్నెల్ చిన్నగా. దారిలో అతనికి నాలుగు ముక్కలు వినపడ్డాయి గానీ, అవి ఎవరి గురించో అప్పుడు తెలియలేదు.

"అననీ. నా గురించి ఊళ్ళో మాట్లాడుకోవడం మానేసి ఎన్నేళ్ళయిందో. నాకు బాగానే ఉంది."

తన సొంత మామ్మ ఉండి ఉంటే ఇలాగే అబద్ధమాడేదేమో. అయినా తల అడ్డంగా ఊపాడు.

"ప్రెసిడెంటు గారూ, ఈవిడ నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు. మామ్మ అన్నది ప్రేమకొద్దీ. అమ్మ తరఫు అన్నది వేళాకోళం. మా మామ్మ పేరు ఎర్లీన్. ఆవిడ మెంఫిస్ దాటి ఎక్కడికీ వెళ్ళలేదు."

పెరిక్లిస్ మొహంలోకి మెల్లగా రక్తం తిరిగొచ్చింది. థనాసిస్ గోడకు ఆనుకున్నాడు. "ఇద్దరు విదేశీయులు," అన్నాడు తనలో తాను. "ఎవరిని పంపించను? ఎలా పంపించను?" ఆయన కార్నెల్ వైపు చూడలేక నూనె డబ్బాల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఎవరు పోవాలో ఆయన చూపులోనే తెలిసిపోతోంది.

"మీ గొడవ తర్వాత," అంది ఎవాంథియా. "ఆ పొడుగబ్బాయి పొద్దుట్నుంచీ ఏమైనా తిన్నాడా? కోర్నీలియో, ఆ ఆకుకూర రొట్టె పెట్టు. ఎవరి పిల్లాడో, ఎక్కడివాడో అడుగు."

ఇంటికొచ్చిన ప్రతివాణ్ణీ ఆవిడ అడిగే ప్రశ్నే అది. కార్నెల్ అడిగాడు. టాడ్ ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. ఇంకో ముక్క తిన్నాడు. తర్వాత ఇంగ్లీషులో ఏదో చాలాసేపు చెప్పాడు. కార్నెల్ వింటూ వింటూ, పక్కనున్న కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"ఏమంటాడు?" అంది మామ్మ.

"ఒహాయో వాడట. ఈ రొట్టె వాళ్ళ అమ్మమ్మ కూడా చేసేదట. ఆవిడది కాస్త్రోరాహి అనే ఊరట."

ఎవాంథియా శిలువ గుర్తు వేసుకుంది. "ఈ కొండ దాటితే అదే కదరా. ఇంటిపేరేంటట?"

"డ్రాకాకోస్ అట."

"మేకలు దొంగిలించేవాళ్ళు," అంది మామ్మ తృప్తిగా. "ఆ చెవులు చూడగానే అనుకున్నాను."

థనాసిస్ గోడ వదిలి ముందుకొచ్చాడు. "సొంత అమ్మమ్మేనా? ప్రేమకొద్దీ అనడం కాదు కదా? ఫాదర్ గారు ఇక్కడే ఉన్నారు, సరిగ్గా అడుగు."

కార్నెల్ సరిగ్గా అడిగాడు. సొంత అమ్మమ్మే. ఆవిడ పుట్టిన కాగితాలు ఒహాయోలో వాళ్ళమ్మ అల్మారాలో ఉన్నాయి. ఏజెంటు టాడ్‌ను ఎత్తెంత, బరువెంత అని తప్ప ఇంకేమీ అడగలేదు.

థనాసిస్ మొదట టాడ్‌ని వాటేసుకున్నాడు, తర్వాత కార్నెల్‌ని, ఆ తర్వాత పొరపాటున పెరిక్లిస్‌ని. పెరిక్లిస్ తన మిఠాయి డబ్బా కోసం చెయ్యి చాచేసరికి మామ్మ దాని మూత తీసేసి డ్రాకాకోస్‌ల మనవడి ముందు పెట్టేసింది. ఫాదర్ కూడా ఒకటి తీసుకున్నాడు. కార్నెల్ మాత్రం ఏమీ తినకుండా మామ్మ కుర్చీ పక్కన నేలమీద కూర్చున్నాడు. అలా కూర్చుంటే వాళ్ళిద్దరి తలలూ ఒకే ఎత్తులో ఉంటాయి.

"నిజం చెప్పావులే," అంది ఆవిడ అతని వీపు మీద ఒకటి చరిచి. "ఇంకో గంట ఆగి చెబితే నీ సొమ్మేం పోయేది? పెరిక్లిస్ మొహం ఇంకాసేపు చూసేదాన్ని."

కాఫీ కొట్టు కూడా నిజం తెలుసుకుంది. అయినా పిరేయస్ కథ బాగుందని దాన్ని వదిలిపెట్టలేదు. కొద్ది వారాల్లో టాడ్ హెన్నింగ్ కాగితాలొచ్చి పూర్తి గ్రీకువాడయ్యాడు, కార్నెల్ బ్రైసన్ జట్టులో ఏకైక విదేశీయుడిగా మిగిలాడు. ఆట మధ్యలో కోచ్ గ్రీకులో అరిచిందంతా ఆ గ్రీకువాడికి అర్థమయ్యేలా చెప్పే పని మాత్రం ఆ విదేశీయుడి మీదే పడింది.