తన ఇంటికి తానే గిరాకీ

కళ్లజోళ్ల షాపాయన తన ఇంటిని తానే సొంతం చేసుకున్నందుకు గాను ఏజెంటుకు కమీషన్ బాకీపడ్డాడు. ఇందులో ఆశ్చర్యపోవలసిందేమీ లేదు. ఒప్పందాన్ని అనుసరించి, పెద్దమనుషుల మధ్య, పట్టపగలు జరిగిన వ్యవహారమిది.

ఇల్లు అమ్మేద్దామన్న మాట మొదట ఇల్లాలిది. వంటింటికి కిటికీ లేదు. కాపురానికొచ్చిన మర్నాడే ఆవిడ ఆ సంగతి కనిపెట్టి భర్త చెవిన వేసింది. "చూద్దాంలే" అన్నాడాయన. ఊళ్లో సగంమందికి చూపు సవరించే పనిలో ఉన్న మనిషి కనక, ఆ చూడడానికి మాత్రం తీరిక చిక్కలేదు. కొడుకు పుట్టి, చదివి, పెళ్లాడి, వేరు కాపురం పెట్టాడు. ఆవిడ ఇంకా ఆ ఉక్కపోతలోనే ఉంది. చివరికి ఒకనాడు గరిటె కింద పెట్టేసి, "కిటికీ ఉన్న వంటిల్లు వెతుక్కుంటాను. వస్తే మీరూ రండి, లేకపోతే మానండి" అంది. అప్పుడు ఏజెంటును పిలిచారు.

ఏజెంటు మూడు నెలల గడువుతో ఒప్పందం రాయించాడు. గడువులోగా తాను ఇల్లు చూపించిన ఏ వ్యక్తి అయినా, గడువు తీరాక ఆరు నెలల లోపల ఆ ఇంటిని ఏ విధంగా సొంతం చేసుకున్నా కమీషన్ చెల్లించవలెనని అందులో ఒక షరతు. షాపాయన దాన్ని రెండుసార్లు చదివాడు. అర్థం కాలేదు. అర్థం కానిచోట సంతకం పెట్టడం చదువుకున్నవాళ్ల మర్యాద కాబట్టి, తాను పెట్టి ఇల్లాలి చేతా పెట్టించాడు.

ఇక ఇల్లు చూడ్డానికి జనం రాసాగారు. ఏజెంటు వాళ్లని గదిగదికీ తిప్పుతుంటే, వెనకాల ఇంటాయన కూడా చుట్టపుచూపుగా వచ్చినవాడిలా చేతులు కట్టుకుని తిరిగేవాడు.

"వంటిల్లు చూడండి సార్! ఒకచోట నిలబడితే అన్నీ చేతికందుతాయి. కిటికీ లేదంటారా? దుమ్ము రాదు, పిల్లి రాదు, పక్కింటావిడ తొంగిచూడదు" అనేవాడు ఏజెంటు.

ఆయన నోటి చలవ వల్ల మెట్లకింది చీకటికొట్టు ధ్యానమందిరమైంది. చెమ్మ పట్టిన గోడ సహజమైన చల్లదనమైంది. పక్కనున్న వెల్డింగ్ షాపు మోత, దొంగల భయం పోగొట్టే మనుషుల అలికిడి అయింది. కుళాయి కారుతోందని ఒకావిడ వేలెత్తి చూపిస్తే, "నీళ్లు రాని ఇళ్లవాళ్లు ఈ చప్పుడు కోసం మొహంవాచి ఉన్నారమ్మా" అన్నాడు.

మొదటి నెల షాపాయన సిగ్గుతో తల దించుకున్నాడు. రెండో నెలకి తల ఆడించడం మొదలుపెట్టాడు. మూడో నెలకి ఏజెంటు ఏదైనా మరిచిపోతే, "చెమ్మ గోడ సంగతి చెప్పారు కాదు" అని తానే అందించసాగాడు. ఎవరైనా బేరమాడితే ఆయనకి ఒళ్లు మండేది. ఇంతటి ఇంటికి ఆ ధరా! పట్టుదలగా ధర పెంచేశాడు. వచ్చినవాళ్లు దండం పెట్టి వెళ్లిపోతే, గండం గడిచినట్టు హాయిగా ఊపిరి పీల్చుకునేవాడు.

గడువు తీరింది. ఇల్లు అమ్ముడుపోలేదు. ఏజెంటు కాఫీ తాగి, చెయ్యి కలిపి వెళ్లిపోయాడు.

"ఈ ఇల్లు అమ్మడం లేదు. ఇలాంటిది మళ్లీ దొరకదు" అని షాపాయన ఇల్లాలితో ప్రకటించాడు.

"ఎలాంటిది?"

"విన్లేదూ? చల్లదనం, భద్రత, అన్నీ చేతికందే వంటిల్లు..."

ఆవిడ నుదుటి చెమట తుడుచుకుంది. "ఆయన చెప్పిన ఇంట్లోకైతే ఇవాళే వచ్చి ఉంటాను. అదెక్కడుందో దారి చెప్పండి."

ఆయనకి ఆ మాట వినబడలేదు. బజార్లో ఏజెంటు ఎదురైతే చేతులు పట్టుకుని, "మీ మాటలతో నా కళ్లు తెరుచుకున్నాయండీ! నా ఇల్లు నాకే తెగ నచ్చేసింది. నేనే ఉంచేసుకుంటున్నాను" అన్నాడు. ఏజెంటు మనస్ఫూర్తిగా అభినందించాడు. వారం తిరక్కుండా కమీషన్ కట్టమని నోటీసు పంపాడు.

వార్త వీధంతా పాకింది. ఇదెక్కడి అన్యాయమని అందరూ బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకున్నవాళ్లలో నలుగురు ఏజెంటు ఫోన్ నంబరు అడిగి తీసుకున్నారు. తమ ఇల్లు కూడా ఒకసారి చూపించిపొమ్మని బతిమాలారు. ఎవరికో కాదు, తమకే.

ఇల్లాలి తమ్ముడు లాయరు. వచ్చి, నోటీసును భక్తిగా చదివి, "బావగారూ, కేసు చాలా గట్టిది" అన్నాడు.

"మనదా?"

"ఆయనది."

"నా ఇల్లు నాకే ఇప్పించానంటే చెల్లుతుందటయ్యా?"

"గడువులో మీకు ఇల్లు చూపించాడా, లేదా?"

"చూపించాడనుకో..."

"అంతకుముందు మీరు ఈ ఇంటిని ఎప్పుడైనా చూశారా?"

షాపాయన నోరు తెరిచాడు. మాట వంటింటి గుమ్మంలోంచి వచ్చింది. "లేదురా తమ్ముడూ. ఎప్పుడూ చూడలేదు. నేను సాక్షిని."

మర్నాడు ఏజెంటు స్వయంగా వచ్చి, ముందుగదిలో నిలబడి ప్రసంగించాడు. "అమ్మకమంటే చేతులు మారడమని లోకం అనుకుంటుంది. పొరపాటు! మనసు మారడమే అమ్మకం. ఈ ఇంటిని వదిలించుకోవాలనుకున్న మనిషి ఇవాళ లేడు. కోరి తెచ్చుకున్న మనిషి అదిగో, ఆ కుర్చీలో ఉన్నాడు. ఆ ఇద్దరి మధ్యా నా చెమట ఉంది సార్!"

షాపాయన కళ్లు చెమర్చాయి. చెక్కుబుక్కు కోసం లేచాడు.

"ఆగండి" అంది ఇల్లాలు. "ఇల్లు ఇద్దరి పేరునా ఉంది. కాఫీలు మోస్తూ నేనూ మీ వెనకే తిరిగాను. ఈ కబుర్లన్నీ నేనూ విన్నాను. నాకు నచ్చలేదు. అంటే నా సగం అమ్ముడుపోలేదు కదా, బాబూ?"

లాయరు ఒప్పందం తిరగేసి, అక్క మాట చెల్లుతుందన్నాడు. ఏజెంటు ఓడిపోయే రకం కాదు. "ఒక్కసారి రండమ్మా, చూపిస్తాను" అంటూ ఆవిణ్ణి వంటింట్లోకి తీసుకెళ్లాడు. లోపల పొయ్యి మీద కూర ఉడుకుతోంది. కాసేపటికి చొక్కా తడిసిపోయి, ఆయాసపడుతూ బయటికొచ్చాడు. "కిటికీ ఉంటే బాగుండును" అని వృత్తిధర్మానికి విరుద్ధంగా ఒప్పుకున్నాడు.

కమీషన్ సగానికి తెగింది. మిగిలిన సగం కిటికీకి అని ఇల్లాలు అక్కడికక్కడే తేల్చేసి, తమ్ముణ్ణి తాపీమేస్త్రీ కోసం పంపింది. "చూద్దాంలే" అనడానికి షాపాయనకి సందు దొరకలేదు.

ఏజెంటు చెక్కు జేబులో పెట్టుకుని, గుమ్మం దగ్గర ఆగాడు. "సార్, ఒక్కమాట. ఊళ్లో ఇన్ని ఇళ్లు చూశాను గానీ, ఇంత తెలివి, ఇంత ఓర్పు ఉన్న ఇల్లాలిని ఏ ఇంట్లోనూ చూడలేదు. మీరు అదృష్టవంతులు" అని మెట్లు దిగాడు.

షాపాయన తల తిప్పి భార్యవంక చూశాడు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని మరీ చూశాడు. ఆయన మొహంలో నెమ్మదిగా ఒక వెలుగు రాసాగింది.

ఆవిడ గబగబా వెళ్లి వీధి తలుపు గడియ పెట్టింది.

"నెమ్మదిగా! ఆయనింకా వీధి మలుపు కూడా తిరగలేదు. నేను కూడా నచ్చేశానని తెలిస్తే దీనికి వేరే నోటీసు పంపుతాడు."