పగులు కాదు, సహజ రేఖ

విమాన సామగ్రి కంపెనీవారు తమ కొనుగోలుదారులకు సంతోషంతో తెలియజేయునది ఏమనగా, రెక్కల్లో కనిపిస్తున్న పగుళ్ళు పగుళ్ళు కావు. అవి సహజ రేఖలు. ఈ విషయమై ఎవరికైనా సందేహాలు మిగిలి ఉన్నచో సభాముఖంగా నివృత్తి చేయబడును. కాఫీ ఏర్పాటు కలదు.

ఈ కంపెనీ గురించి తెలియనివారికి రెండు మాటలు. వీళ్ళు విమానాలు అమ్మరు. విమానానికి కావలసిన రేకులు, కమ్మీలు, రివెట్లు పెట్టెల్లో సర్ది అమ్ముతారు. ఇంటికి తెచ్చుకుని, కారు షెడ్డులో పరుచుకుని, వాళ్ళిచ్చిన పుస్తకం చూసుకుంటూ మనమే బిగించుకోవాలి. ఓపిక ఉంటే ఇద్దరు పట్టే బుల్లి విమానం తయారవుతుంది. పుస్తకంలో కొన్ని పేజీలు తలకిందులుగా అచ్చయ్యాయి. అది పొరపాటు కాదనీ, గాల్లో విమానం తలకిందులైనప్పుడు చదువుకోవడానికి వీలుగా ఉంటుందనీ కంపెనీవారి వివరణ.

కంపెనీకి మంచి పేరుంది. "మా విమానం ఇంతవరకు ఒక్కటీ కూలలేదు" అని గేటు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. అది నిజమే. ఇంతవరకు ఒక్కటీ ఎగరలేదు కూడా. కొన్నవాళ్ళలో ఎక్కువమంది ఇంకా తోక దగ్గరే ఉన్నారు.

తోక దాటి, పొట్ట దాటి, రెక్కల దాకా వచ్చి పని ముగించిన మొదటి మనిషి మా పళ్ళ డాక్టరుగారు. సాయంత్రం క్లినిక్కు మూసి షెడ్డులో దూరేవారు. ఆయన పైనుంచి రివెట్టు మీద సుత్తితో కొడుతుంటే, ఆయన భార్య రెక్క లోపలికి చెయ్యి పెట్టి ఇనుప దిమ్మ ఆనించి పట్టుకునేది. దెబ్బ ఆయనది, అదురు ఆవిడది. కాపురంలో ఇదేమీ కొత్త కాదు కనుక ఆవిడ కిక్కురుమనకుండా పట్టుకుంది. అందుకు ప్రతిఫలంగా విమానంలో వెనక సీటు ఆవిడదని ఒప్పందం. వచ్చే ఆదివారం ఇద్దరం ఎగురుతున్నామని డాక్టరుగారు ఊరంతా చాటేశారు.

చివరి తనిఖీకి ఆయన పళ్ళు చూసే చిన్న అద్దమూ దీపమూ పట్టుకుని రెక్కలోకి తొంగిచూస్తే, రివెట్టు బెజ్జాల చుట్టూ వెంట్రుకంత సన్నని పగుళ్ళు కనిపించాయి. పగుళ్ళు చూసి బతుకుతున్న మనిషి ఆయన. పంటికైతే కుర్చీ వెనక్కి వాల్చి, "ఇది ఆగదు, పీకేయాలి" అనేవారు. రెక్కకు గనుక కంపెనీకి ఫోన్ చేశారు. ఫోన్‌లో చాలాసేపు పక్షుల కిలకిలలు వినిపించాక ఒక అమ్మాయి, తనది సంతృప్తి విభాగమని చెప్పింది. మర్నాడే ఒక డబ్బా రంగు ఇంటికి వచ్చింది. మందపాటి రంగు. ఒక పూత వేస్తే పగులు కనబడదు, రెండు పూతలు వేస్తే బెజ్జమే కనబడదు. డాక్టరుగారు రెండు పూతలూ వేసి, "చూశావా, ఎంత బాధ్యత గల కంపెనీనో" అన్నారు భార్యతో.

"పగులెక్కడికి పోయిందండీ?" అంది ఆవిడ.

"రంగు కిందికి."

"మరి నేను కూర్చునేది?"

"రెక్క పక్కనే కదా."

ఆవిడకు భయం వేసింది. ఇందులో వేళాకోళమేమీ లేదు, నిజంగానే భయం వేసింది. పైకి అంటే పిరికిదని నవ్వుతారు, అనకపోతే ఆదివారం వచ్చేస్తుంది.

సభకు నేను వెళ్ళడానికి కారణం విమానం కాదు, నా పన్ను. డాక్టరుగారు ఈమధ్యే నింపిన పన్ను, మెత్తటి రొట్టె ముక్క కొరికితే నింపింది ఊడి ఖాళీ అయిపోయింది. ఆయన సభకు వెళ్ళారంటే అక్కడికే వెళ్ళి పక్కన కూర్చున్నాను. దవడ పట్టుకుని దిగులుగా ఉన్న నన్ను చూసి, వీడూ మన కొనుగోలుదారుడే అనుకుని కంపెనీవారు కాఫీ ఇచ్చారు.

ముందుగా నాణ్యతా విభాగం ప్రగతిని చదివి వినిపించారు. ఆ విభాగంలో ఒకప్పుడు ఒక ఇంజనీరు ఉండేవాడట. వచ్చిన రేకునల్లా పనికిరాదని తిప్పి పంపేవాడట. అతని పట్టుదలకు ముచ్చటపడి, ప్రమోషన్ ఇచ్చి క్యాంటీన్ పర్యవేక్షకుణ్ణి చేశారు. అప్పటినుంచి రేకులన్నీ పాసవుతున్నాయి. కాఫీ మాత్రం నిజంగానే బాగుంది.

తర్వాత చైర్మన్‌గారు లేచారు.

"సోదర సోదరీమణులారా, గోరంతను కొండంత చేయకండి. ఒక్కసారి మీ అరచేతులు చూసుకోండి. గీతలు లేవా? ఆ గీతల వల్ల చేతులేమైనా ఊడిపోయాయా? పైగా ఆయుష్షు రేఖ అని మురిసిపోతాం. చేతికుంటే అదృష్టం, రెక్కకుంటే లోపమా?"

హాల్లో అందరూ అరచేతులు చూసుకున్నారు. నేనూ చూసుకున్నాను.

"అసలు ఈ విమానం తయారుచేసిందెవరు? మేమా? మేం పెట్టెలిచ్చాం, అంతే. కలిపింది మీరు, కొట్టింది మీరు. సగానికి మించి పని ఎవరు చేస్తే వారే నిర్మాత అని నిబంధన ఉంది. అంటే ఇక్కడ కూర్చున్నది కొనుగోలుదారులు కారు, నిర్మాతలు. నిర్మాతలే వచ్చి నాణ్యత ఏదని మమ్మల్ని అడిగితే మేమెవరికి చెప్పుకోవాలి? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, సుత్తి చేతకాక రేకును అంటారా? అయినా మేం పెద్దమనసుతో మిమ్మల్ని క్షమిస్తున్నాం."

అంతవరకు పోట్లాటకు గొంతు సవరించుకుంటున్నవాళ్ళంతా క్షమ దొరికినందుకు తేలికపడి నిటారుగా కూర్చున్నారు. ఒక్కొక్కరినీ వేదిక మీదికి పిలిచి, 'నిర్మాత' అని చెక్కిన ఇత్తడి బిళ్ళ చొక్కాకు తగిలించారు. సగంమందికి పిన్ను అక్కడే ఊడిపోయింది. అదొక లోపమని ఎవరూ అనలేదు. ఎవరి బిళ్ళను వాళ్ళు గుండెకు అదిమి పట్టుకుని దిగి వచ్చారు.

అప్పుడు డాక్టరుగారికి అటుపక్కన కూర్చున్న ఆయన భార్య లేచి నిలబడింది.

"అన్నయ్యగారూ, ఒక్క మాట. ఆదివారం మా విమానం ఎగురుతోంది. వెనక సీట్లో నా బదులు మీరు కూర్చుంటారా?"

డాక్టరుగారు కూర్చోమని ఆవిడను మోచేత్తో పొడిచారు. ఆవిడ కూర్చోలేదు.

చైర్మన్‌గారు ఆవిడకు రెండు చేతులూ జోడించారు.

"మంచి ప్రశ్న అడిగావు చెల్లెమ్మా. కానీ నువ్వే ఆలోచించు. ఆ విమానం కట్టిందెవరు? ఒక పళ్ళ డాక్టరు. ఆయన సుత్తి పట్టడం ఎక్కడ నేర్చుకున్నారో తెలీదు. ఎవరు తనిఖీ చేశారో తెలీదు. అలాంటిదాంట్లో నన్నెలా కూర్చోమంటావు? నాణ్యత దగ్గర నేను రాజీపడను."

చప్పట్లతో హాలు మారుమోగింది. కంపెనీ ఇన్నాళ్ళకు నాణ్యతను పట్టించుకుందని అందరూ సంతోషించారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది డాక్టరుగారే.

ఆదివారం పొద్దున్న డాక్టరుగారు బిళ్ళ తోముకుని పెట్టుకుని షెడ్డు తలుపు తీస్తే, విమానానికి ఒకటే రెక్క ఉంది. రెండోది గోడకు ఆనించి ఉంది. పక్కనే పీట మీద భార్య, చేతిలో పానా.

"ఇదేంటి?" అన్నారాయన.

"సగానికి మించి చేసినవాళ్ళే నిర్మాతన్నారు కదండీ. సుత్తి మీది, దిమ్మ నాది. అక్కడికి సరిసగం. రంగు డబ్బా మూత కూడా నేనే తీశాను. అంటే మీకంటే కొంచెం ఎక్కువే."

"అయితే?"

"నిర్మాతగా నా రెక్క నేను వెనక్కి తీసుకున్నాను. ఫిర్యాదు ఉంటే సంతృప్తి విభాగానికి చెప్పుకోండి. ఇవాళంతా వంటింట్లో ఉంటుంది."

చూడడానికి వచ్చినవాళ్ళు ఒంటిరెక్క విమానాన్ని చూసి, బాగుందని చెప్పి వెళ్ళిపోయారు. ఆ రోజు ఆ ఇంట్లో రెండు ప్రాణాలు దక్కాయి. డాక్టరుగారు మాత్రం పరువు పోయిందని భార్యతో ఇప్పటికీ ముభావంగానే ఉంటున్నారు.

తీసేసిన రెక్కను క్లినిక్కులో రోగులు కూర్చునే బల్లగా వేశారు. నా పన్ను సంగతి తేల్చుకుందామని వెళ్ళి దానిమీద కూర్చున్నాను. కింద ఎక్కడో టక్కుమంది. పక్కనున్న పెద్దాయన బుగ్గ పట్టుకునే, "సహజ రేఖ, పర్లేదు" అని ధైర్యం చెప్పాడు.

లోపల డాక్టరుగారు తెల్లకోటు మీద బిళ్ళ పెట్టుకుని ఉన్నారు.

"మీరు నింపింది ఊడిపోయింది డాక్టరుగారూ" అన్నాను.

"నింపింది నేనే. మరి నమిలిందెవరు?"

"నేనే."

"రోజూ?"

"రోజూనే."

"అంటే సగానికి మించి పని మీదే. ఇక ఆ పన్నుకు నిర్మాత ఎవరో మీరే చెప్పండి" అంటూ కుర్చీ వెనక్కి వాల్చి అద్దం నోట్లో పెట్టారు.

అద్దం తీశాక, "నేను మిమ్మల్ని తప్పు పట్టడం లేదు" అని ఆయన నా భుజం తట్టారు. నిజం చెప్పాలంటే నాకు చాలా తేలికగా అనిపించింది. సొరుగులోంచి ఒక ఇత్తడి బిళ్ళ తీసి నా చొక్కాకు తగిలించారు. కంపెనీ బిళ్ళే, రోగుల కోసం డజన్లకొద్దీ తెప్పించారట. గుమ్మం దాటకముందే పిన్ను ఊడిపోయింది.

ఒక చేత్తో బిళ్ళను, ఇంకో చేత్తో దవడను పట్టుకుని ఇంటికి వచ్చాను. రెండు చేతులకూ పని ఉండడంతో డాక్టరుగారికి చప్పట్లు కొట్టలేకపోయాను. మీ చేతులు ఖాళీగానే ఉన్నట్టున్నాయి. అలవాటైన పనే కదా, నా తరఫున మీరు కొట్టండి.